మాటకు గొళ్ళెము



వీరశైవ దీక్ష మూడు విధములు. శిరస్సుపై హస్తముంచుట వేధాదీక్ష. చెవిలో పంచాక్షరిని ఉపదేశించుట మంత్రదీక్ష. అరచేతిలో ఇష్టలింగమును ఉంచుట క్రియాదీక్ష. ఈ మూటిలో మంత్రదీక్ష చెవి ద్వారమున జరుగును. కంటికి రెప్ప కలదు, నోటికి పెదవి కలదు, చెవికి మాత్రము మూత లేదు. పసివాని చెవిలో ఏ మాట పడునో ఆ మాట చుట్టును వాని లోకము అల్లుకొనును. కావుననే ఆ మాటను ఎవరు పలుకవలెను, ఎప్పుడు పలుకవలెను, పలికిన పిమ్మట దాని అర్థమును ఎట్లు విప్పి చెప్పవలెను అని పెద్దలు అంతగా విచారించిరి. ఇంటికి ద్వారము ఒక్కటే అయినప్పుడు అతిథి వచ్చుటయు దొంగ వచ్చుటయు ఆ దారినే.

ఆ దొంగ యెట్లు వచ్చునో తెలిసికొనుటకు దూరదేశపు కథ యొకటి వినవలసియున్నది. దూరదేశపుదే అయినను, అందులోని మాటలు మాత్రము వీరశైవుల చెవికి కొత్తవి కావు.

జపాను దేశమున ఫూజీ పర్వతపాదమున కామికుఇషికి అను చిన్న పల్లె యుండెడిది. అచ్చట ఒక మతసంఘమువారు భూములు కొని పెద్ద పెద్ద కట్టడములను లేపి, వానికన్నిటికి ఒకే పేరు పెట్టి సంఖ్యలతో వేరుచేసిరి. ఆ పేరు సంస్కృతము: ‘సత్యం’. జపానువారి నోట అది ‘సతియన్’ అయినది. రెండవ సత్యం, మూడవ సత్యం అని వరుసగా పిలుచుచుండిరి. వానిలో ఏడవ సత్యమును సారిన్ అను ఘోర విషమును తయారుచేయుటకు కర్మాగారముగా అమర్చిరి. 1995 మార్చి 20 సోమవారము ఉదయము ఆ సంఘమునకు చెందిన ఐదుగురు టోక్యో నగరపు భూగర్భ రైళ్ళలో ఎక్కి, సారిన్ నింపిన సంచులను గొడుగుల మొనలతో పొడిచి, దిగి వెడలిపోయిరి. 13 మంది మరణించిరి. ఆనాటి విషముచేత ఇరువదియైదేండ్లు మంచమునకు అంటుకొనిపోయిన ఒక స్త్రీ 2020లో కన్నుమూయగా ఆ సంఖ్య 14 అయినది. గాయపడినవారు వేలసంఖ్యలో నుండిరి.

ఆ సంఘము పేరు ‘ఓం షిన్రిక్యో’. అందలి మొదటి మాట ప్రణవము. తక్కిన భాగమునకు పరమసత్యబోధ యని అర్థము. వారు కొలిచిన ప్రధానదైవము శివుడు. ప్రణవమును, శివనామమును, సత్యశబ్దమును ఒకచోట చేర్చి, వాని నీడలో విషము వండిరి. శివనామము పలుకు ప్రతి ఇంటివారును ఒక్క క్షణము ఆగి ఆలోచింపదగిన సంగతి యిది.

సంఘ స్థాపకుడు అసహారా షోకో. పుట్టినప్పటి పేరు మత్సుమోతో చిజువో. 1955లో క్యూషూ దీవిలో బీదకుటుంబమున జన్మించెను. చూపు సరిగా లేనందున అంధుల పాఠశాలలో చదివెను. 1984లో టోక్యోలో కొలదిమందికి యోగాసనములు నేర్పుటతో ఆరంభించెను. 1986లో భారతదేశమునకు వచ్చి, హిమాలయములలో తనకు పరమజ్ఞానము కలిగినదని చాటుకొనెను. 1987లో సంఘమునకు పై పేరు పెట్టెను. 1989లో ప్రభుత్వము దానిని మతసంస్థగా గుర్తించెను. 1995 నాటికి జపానులోనే సుమారు 10,000 మంది అనుయాయులుండిరి. వారిలో మూఢులు, నిరక్షరులు ఎక్కువ యనుకొనరాదు. రైళ్ళలో విషము విడిచిన ఐదుగురిలో ఒకడు గుండెజబ్బులకు శస్త్రచికిత్సలు చేయు వైద్యుడు. తక్కిన నలుగురును విశ్వవిద్యాలయములలో విజ్ఞానశాస్త్రములు చదివినవారే. ప్రాణము నిలుపుట వృత్తిగా గలవాడు ఆ సంచిని ఎట్లు పొడువగలిగెను?

ఈ ప్రశ్నకు న్యాయస్థానములు ఒక విధముగా, మనస్తత్త్వవేత్తలు ఒక విధముగా సమాధానములు చెప్పిరి. మురకామి హారుకి అను ప్రసిద్ధ నవలాకారుడు మొదట విషబాధితులను, పిదప ఆ సంఘములో నున్నవారిని స్వయముగా కలిసి మాట్లాడి, వారి మాటలను గ్రంథములుగా వెలువరించెను. ఉపవాసములు, నిద్రలేమి, మత్తుమందులు, భయము, వీనియన్నిటి పాత్ర కలదు. కాని వీనికన్న ముందుగా, తొలినాటి యోగతరగతినుండియే, నిదానముగా జరిగిన పని యొకటున్నది. అది మాటల పని.

ఇల్లు విడిచి సంఘములో చేరినవానిని ‘సమన’ యనిరి. శ్రమణ శబ్దము పాళీలో ‘సమణ’యై, అటనుండి ఈ రూపమున అచ్చటికి చేరినది. చేరువాడు తన ఆస్తినంతయు సంఘమునకు అర్పించెడివాడు. సంఘమునకు వెలుపలనున్న సమస్తమునకు ‘గెన్సె’ యని పేరు. ‘ఈ లోకము’ అని దాని అర్థము. తల్లి వ్రాసిన ఉత్తరము, దినపత్రికలోని వార్త, పాతమిత్రుని పలుకరింపు, తన మనస్సులో మిగిలియున్న జంకు, అన్నియు ఆ ఒక్క మాటలో కట్టబడెను. ఏ సంగతి వచ్చినను ‘అది గెన్సె’ అని అనుకొన్నచో చాలును, దానిని విచారించు పని తప్పును. శిష్యుని కొట్టినచో అది దెబ్బ కాదు, ‘కర్మ రాల్చుట’. పైమెట్టు చేరినవారికి సంస్కృత, పాళీ, టిబెట్టు నామములు. ప్రాచీన సిద్ధుల పేరులు, బోధిసత్త్వుల పేరులు. తల్లిదండ్రులు పెట్టిన పేరు పోయిన పిమ్మట ఆ పేరుతో పిలిచిన వారి బాధ్యతయు మెల్లగా పోయినది.

అన్నిటికన్న గడుసైన మాట ‘మహాముద్ర’. బౌద్ధతంత్రములలో అది ఉన్నతమైన ధ్యానస్థితికి పేరు. ఈ సంఘమున అది గురువు పెట్టు పరీక్షకు పేరైనది. గురువు ఒక ఆజ్ఞ యిచ్చును. శిష్యుని మనస్సు వెనుదీయును. ఆ వెనుదీయుటయే వాని అహంకారమునకు గుర్తు, దానిని దాటుటయే మహాముద్ర. ఇందలి కపటమును నిదానముగా చూడవలెను. ఆజ్ఞ ఎంత అన్యాయమైనదో, మనస్సు అంతగా తిరుగబడును; మనస్సు ఎంతగా తిరుగబడునో, పరీక్ష అంత గొప్పదగును. అనగా మంచిచెడ్డలు చెప్పవలసిన అంతఃకరణమే శత్రువైనది. సాక్షిని నేరస్థుని స్థానమున నిలబెట్టిన న్యాయస్థానము వంటిది ఆ మాట.

ఇక ‘పోఆ’ అను మాట. ఈ కథకంతటికి కీలకము ఇదియే.

టిబెట్టు బౌద్ధమున ‘ఫోవా’ యను సాధన కలదు. మరణకాలమున చైతన్యమును ఉత్తమగతికి మరల్చుట దాని ప్రయోజనము. సాధకుడు బ్రతికియున్నప్పుడే దానిని అభ్యసించును. మరణించుచున్న వాని ప్రక్కన గురువు కూర్చుండి ఆ సాధనకు తోడ్పడుటయు కలదు. కాని మరణము తనంత తాను రావలెను. తెచ్చిపెట్టు అధికారము ఎవనికిని లేదు. అసహారా ఈ మాటను గైకొని, దాని వ్యాకరణమును మార్చెను.

తెలుగు వ్యాకరణము చదివిన బాలురకు అకర్మక సకర్మక భేదము తెలియును. ‘నిద్రించు’ అకర్మకము, ‘కొట్టు’ సకర్మకము. మొదటిదానికి కర్త చాలును. రెండవదానికి దెబ్బ తినువాడు వేరొకడు కావలెను. ‘చచ్చు’ అకర్మకము, ‘చంపు’ సకర్మకము. ఈ రెండు క్రియల నడుమ దండనీతిశాస్త్రమంతయు ఇమిడియున్నది. తన చైతన్యమును గూర్చిన సాధన యొకటి ‘ఫలానివానిని పోఆ చేయుట’ అను ప్రయోగముగా మారినది. పాపము మూటగట్టుకొనుచున్నవానిని ఇంక పాపము చేయనీయక ముందుగా పంపివేసినచో వానికి సద్గతి, పంపినవానికి పుణ్యము, అని బోధ. కర్మపదము చేరినంతనే సాధన హత్య యయ్యెను. చిత్రమేమనగా, ఆ సంఘమున ఎవరును ‘హత్య’ అను మాటను పలుకవలసిన అవసరమే రాలేదు.

1989 ఫిబ్రవరిలో సంఘమును విడిచిపోదలచిన ఒక యువ శిష్యుని పోఆ చేసిరి. అదే యేడు నవంబరులో, బిడ్డలను ఆ సంఘమునకు పోగొట్టుకొన్న తల్లిదండ్రుల పక్షమున నిలిచిన సకమోతో అను న్యాయవాదిని, అతని భార్యను, ఏడాది దాటిన పసివానిని నిద్రలో నుండగా చంపిరి. ఏడాది బిడ్డ ఏ పాపము మూటగట్టుకొనెనని ఆ గుంపులో ఒక్కడైనను అడుగలేదు. అడుగుటకు మాట మిగిలియుండలేదు. 1994 జూన్ 27 రాత్రి మత్సుమోతో నగరమున సారిన్ విడువగా అప్పటికి ఏడుగురు, చాలకాలమునకు మరియొకరు మరణించిరి. ఆ మీదట టోక్యో. 2018 జూలైలో అసహారాను, పన్నెండుగురు శిష్యులను ఉరితీసిరి.

అమెరికా దేశపు మనోవైద్యుడు రాబర్ట్ జే లిఫ్టన్ ఇట్టి సంగతులను చిరకాలము పరిశీలించెను. చైనాలో నిర్బంధముగా భావములు మార్చబడి బయటపడినవారితో 1950 దశకమున హాంకాంగులో మాట్లాడి, 1961లో ఒక గ్రంథము వెలువరించెను. మనుష్యుని సంపూర్ణముగా వశపరచుకొను సమాజమునకు అతడు ఎనిమిది లక్షణములు చెప్పెను. భాషను వశపరచుకొనుట వానిలో నొకటి. ఆలోచనను అక్కడికక్కడ ఆపివేయు పొట్టిమాటలు అట్టి సమాజములలో పుట్టునని అతడు చెప్పెను. చిక్కైన ప్రశ్న ఎదురైనంతనే ఆ మాట నాలుకపైకి వచ్చును. వచ్చినంతనే తలుపు మూతపడును. ఓం షిన్రిక్యో గూర్చియు అతడు 1999లో ప్రత్యేకముగా ఒక గ్రంథము వ్రాసెను.

లిఫ్టన్ చెప్పినది అర్థము చేసికొనుటకు చైనా వరకు పోనక్కరలేదు. తెలుగు ఇండ్లలో బిడ్డ ‘ఎందుకు?’ అన్నంతనే వచ్చు సమాధానము ఏది? ‘తప్పు, అట్లు అడుగరాదు, కళ్ళు పోవును, లెంపలు వేసికో.’ కళ్ళు పోవునన్న మాట కంటె గట్టి గొళ్ళెము మరియొకటి లేదు. ఇది ప్రేమతో అన్నమాటయే, దీనివలన ఎవరును చావలేదు. అయినను గొళ్ళెము వేయుట అలవాటైన తలుపునకు బయటివాడును గొళ్ళెము వేయగలడు.

ఈ వ్యాధి తూర్పుదేశపు మతములకే అంటినదని యనుకొనుటయు పొరపాటు. క్రైస్తవ సంఘముగా మొదలైన ‘పీపుల్స్ టెంపుల్’ వారు అమెరికానుండి దక్షిణ అమెరికాలోని గయానా అడవులకు పోయి, నాయకుడు జిమ్ జోన్స్ పేరుమీద జోన్స్‌టౌన్ అను ఊరు కట్టుకొనిరి. నాయకుని ‘తండ్రీ’ అని పిలిచెడివారు. 1978 నవంబరు 18న ఆ ఊరిలో 909 మంది, దాదాపు అందరును విషముచేత, మరణించిరి. వారిలో మూడవవంతు బాలబాలికలు. దానికి నాయకుడు పెట్టిన పేరు ‘విప్లవాత్మకమైన ఆత్మహత్య’. పసిబిడ్డల నోట విషము పోయుట ఆత్మహత్య యెట్లగును? ఆనాటి చివరిసభ ధ్వనిముద్రణ మిగిలియున్నది. అందులో క్రిస్టీన్ మిల్లర్ అను స్త్రీ యొక్కతె లేచి, వేరొక దారి లేదా యని, బిడ్డలకు బ్రతుకు హక్కు లేదా యని మరల మరల అడిగెను. నాయకునికన్న ముందుగా తోడివారే ఆమె గొంతు నొక్కివేసిరి. ఆమెయు ఆనాడే మరణించెను. కాని ఆ సభలో మనుష్యభాష మాట్లాడినది ఆమెయే.

ఇంతవరకు చదివిన వీరశైవుడు తన ఇంటివైపు చూచుకొనవలసి యున్నది. తెలివిగల కొడుకో కోడలో ఇట్లు అడుగవచ్చును: ‘ఇచ్చటను గురువు కలడు, దీక్ష కలదు, దీక్షానామము కలదు, పాదోదకము కలదు. వెలుపలివానికి భవి యని పేరు కలదు. మరణమునకు లింగైక్యమని పేరు కలదు. ఆ జపాను సంఘమునకును ఈ సమయమునకును భేదమేమి?’ ఈ ప్రశ్నకు కోపపడువాడు దానికి సమాధానము లేదని ఒప్పుకొన్నట్లే.

ప్రత్యేకమైన మాటలు కలిగియుండుట దోషము కాదు. వడ్రంగికి తన మాటలున్నవి, నేతవానికి తన మాటలున్నవి. ప్రతి సమయమునకు తన పరిభాష యుండితీరును. ఆ మాటల తాళపుచెవి ఎవరి మొలలో నున్నదన్నదే విచారింపవలసిన విషయము. అసహారా సంఘమున ‘పోఆ’ అర్థమును చెప్పగలవాడు ఒక్కడే. శరణులు కల్పించిన మాటల సంగతి చూడుడు.

‘కాయకము’ అను మాటను పన్నెండవ శతాబ్ది శరణులు ప్రాణప్రదముగా ఎంచిరి. దాని అర్థమును తేల్చినది ఎవరు? ఆయ్దక్కి మారయ్య బసవన్న మహామనె ముంగిట రాలిన బియ్యపుగింజలను ఏరుకొని తెచ్చి, దానితో జంగమార్చన జరుపుచుండెడివాడు. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చెను. భార్య లక్కమ్మ దానిని ముట్టలేదు. ఇది ఆశ, కాయకము కాదు, మిగిలినది తీసికొనిపోయి ఎక్కడిది అక్కడ పోసి రమ్మనెను. మారయ్య మారుపలుకక పోయెను. ఇచ్చట గురువు నోరు విప్పలేదు. బసవన్నను అడుగుటకు ఎవరును పోలేదు. గింజలేరు ఇంటి ఇల్లాలు ఆ మాట అర్థమును తేల్చినది. చేటలోని బియ్యమును చూచి ఎవరైనను తేల్చగల మాట కాయకము. దాసోహమును అంతే. అన్నము పెట్టినారా లేదా యన్నది ఆకలిగొన్నవానికి తెలియును. ఇట్టి మాటలకు గొళ్ళెము వేయుట సాధ్యము కాదు.

అనుభవమంటపమున శూన్యసింహాసనముపై అల్లమప్రభువు కూర్చుండెనని సంప్రదాయము. అక్కమహాదేవి కల్యాణమునకు వచ్చినప్పుడు ప్రభువు ఆమెను ఎంత కఠినముగా ప్రశ్నించెనో, ఆమె ఎంత నిబ్బరముగా సమాధానములిచ్చెనో పదునైదవ శతాబ్దిలో కూర్చబడిన శూన్యసంపాదనె వర్ణించును. సొన్నలిగె సిద్ధరాముని కలిసినప్పుడును ప్రభువు ప్రశ్నలతోనే పలుకరించెను. మడివాళ మాచయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య వంటివారు తమ మనస్సులోని మాటను మెత్తగా చెప్పినవారు కారు. చౌడయ్య వచనముల కరకుదనము కన్నడమున ప్రసిద్ధము. జోన్స్‌టౌన్ సభలో లేచిన స్త్రీ ఆ మంటపమున లేచియుండినచో ఆమె వచనమును తాటాకులపై వ్రాసికొనియుండెడివారు.

భాష సంగతి కూడ ఇందులో కలిసియున్నది. శరణులు తత్త్వమును సంస్కృతమున దాచక, పడవవానికి, చాకలికి తెలియు కన్నడమున పలికిరి. తెలుగునాట పాల్కురికి సోమనాథుడు సంస్కృతమున పండితుడై యుండియు, బసవపురాణమును జాను తెనుగున, జనము పాడుకొను ద్విపదలో రచించెను. ఇది కేవలము కవిత్వపు ముచ్చట యని తలచువారున్నారు. కాదు. ఊరివారందరికి తెలిసిన మాటకు ఒక్కడే యజమాని కాజాలడు. ‘పోఆ’ అను మాటను ఆ శిష్యుడు తన తల్లికి ఇంటిభాషలో చెప్పవలసి వచ్చియుండినచో ‘చంపుట’ అనియే చెప్పవలసి వచ్చియుండెడిది. తల్లిభాషలోనికి తిరిగి రాలేని మాటను అనుమానింపవలెను.

ఇక లింగైక్యము. షట్స్థలములలో కడపటిది ఐక్యస్థలము. భక్తుడై, మహేశుడై, ప్రసాదియై, ప్రాణలింగియై, శరణుడై, అటుపిమ్మట బ్రతికియుండగనే పొందవలసిన స్థితి అది. లోకవ్యవహారమున ఆ మాట మరణమునకు గౌరవవాచకమైనది, వ్యవహారమును తప్పుపట్టనక్కరలేదు. కాని దాని వ్యాకరణమును గమనింపుడు. ‘ఫలానివారు లింగైక్యము చెందిరి’ అందురు. ‘ఫలానివారిని లింగైక్యము చేసితిమి’ అని పలికిన శరణుడు లేడు. పరమపదించుట, శివసాయుజ్యము పొందుట, తెలుగులోని ఈ గౌరవవాచకములన్నియు అకర్మకములే. వానికి కర్మపదము తగిలించినచో అది రౌడీమూకల ఎగతాళియగును, లేనిచో అసహారా బోధయగును.

ఆ కర్మపదము వీరశైవ వాఙ్మయమున ఎన్నడును చేరలేదా యన్నచో, అట్లని చెప్పుట సత్యము కాదు. జగదేవుడు బిజ్జలుని వధించిన కథను బసవపురాణమే చెప్పుచున్నది. శివనింద సహింపక ఖడ్గమెత్తిన వీరభక్తుల కథలు అందులో మరికొన్ని కలవు. గణాచారమను మాటను ఆ కథలతో జోడించి ఉద్రేకముగా ప్రసంగించువారు నేటికిని అక్కడక్కడ కనబడుదురు. హింసచేత శరణుల పక్షమునకు కలిగిన మేలు ఏమి? కల్యాణము చెల్లాచెదరయ్యెను, మంటపము మూతపడెను, శరణులు వచనముల కట్టలను మోసికొని ఊరూర తలదాచుకొనిరి. గణాచారమునకు ఆ కత్తియే అర్థమని చెప్పువాడు వచనములకంటె కథలను ఎక్కువగా చదివినవాడు. సోమనాథుని కవిత్వమును నెత్తిన పెట్టుకొని పూజింపవచ్చును. ఆ కథలను బాలురకు చెప్పునప్పుడు మాత్రము ప్రక్కన కూర్చుండి చెప్పవలెను.

పాదోదకము గూర్చి ఒక్క మాట. అసహారా స్నానము చేసిన నీటిని అద్భుతజలమని పేరుపెట్టి వెలకు అమ్మిరి. పాదోదకమునకు వెలకట్టినవాడెవడైనను, వాని మెడలో ఎన్ని రుద్రాక్షలున్నను, ఆ అంగడివానికి ఇరుగుపొరుగు.

భవి యను మాట మరింత నొప్పికలిగించునది. భవచక్రమున తిరుగువాడని దాని అర్థము. చిన్న సమాజము పెద్ద ప్రతికూలతను ఎదుర్కొనుచున్న కాలమున, భవులతో సహవాసము కూడదన్న నియమములు పూర్వగ్రంథములకెక్కినవి. ఆ కాలము వేరు. బసవన్న స్వయముగా, శరణులు భవి యన్న బిజ్జలుని కొలువున మంత్రియై రాజ్యభారము మోసెను. నేడు ఆ మాట వినబడుచున్న చోటు ఏది? ఇంటి ఆడపిల్ల వేరొక కులమువానిని పెండ్లాడినప్పుడు, ‘భవి యింటికి పోయినది’ అని పెద్దలు ముఖము త్రిప్పుకొనుటలో. అటుపిమ్మట ఆమె పేరు ఇంటిలో వినబడదు. శుభలేఖలు పోవు, పండుగకు పిలుపులు పోవు. ‘గెన్సె’ అను మాట జపానులో చేసిన పని ఇదియే. అచ్చట బిడ్డలు తల్లిదండ్రులను త్రోసివేసిరి, ఇచ్చట తల్లిదండ్రులు బిడ్డను త్రోసివేయుచున్నారు. ఒంటరియైన ఆ పిల్ల ఎవరు ముందుగా ‘అమ్మా’ అని పిలిచిన వారి వెంట పోవును. ఆ పిలిచినవాడు ఎట్టివాడన్నది అప్పుడు ఎవరి చేతిలోను ఉండదు.

జపానులో ఇంకొకటి జరిగెను. సంఘమునకు చెందినవారు ఊర్లలో కాపురముండుటకు వచ్చినప్పుడు కొన్ని పురపాలక సంఘములు వారి పేరులు నమోదు చేయుటకు నిరాకరించెను. అట్లు నిరాకరించుట చెల్లదని 2003లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పవలసివచ్చెను. భయపడినవారిని నిందింపలేము, వారు చూచినది అట్టిది. అయినను, మారదలచినవానికి ‘ఓం వాడు’ అను ముద్ర తప్ప వేరొక పేరు ఊరిలో దొరకనప్పుడు, వానిని మరల పేరుపెట్టి పిలుచువారు ఆ పాత గుంపులోనే మిగిలియుందురు.

వీరశైవ కుటుంబముల బిడ్డలు నేడు హైదరాబాదు, బెంగుళూరు వసతిగృహములలోను, అమెరికా, ఆస్ట్రేలియా నగరములలోను ఒంటరిగా చదువుకొనుచున్నారు. వారిలో పలువురకు మెడలో లింగమున్నది, నోట పంచాక్షరి యున్నది. అర్థము మాత్రము ఎవరును చెప్పలేదు. పెరటిచెట్టు వైద్యమునకు రాదని సామెత. ఇంటిలో విని విని విసుగుపుట్టిన ‘ఓం’, ‘కర్మ’, ‘గురువు’ అను మాటలే, పరాయి ఊరిలో ఒక చిరునవ్వు మనిషి నోటినుండి కొత్త అర్థముతో వచ్చినప్పుడు మందువలె పనిచేయును. ఖాళీగానున్న పాత్రలో ఎవడు పోసినది వానిదే. ఆ బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు మాటలు మారియుండును: తెలిసిన మాటలే తెలియని అర్థమున పలుకుచుండును, అడిగినచో ‘మీకు అర్థము కాదు’ అనును. అప్పుడు తల్లి అరచి ప్రయోజనము లేదు. ‘నాయనా, ఆ మాటను మీ అవ్వకు తెలియునట్లు తెలుగులో చెప్పుము’ అని కూర్చుండబెట్టి అడిగినచో కొంత ప్రయోజనము ఉండవచ్చును. చెప్పబోయి చెప్పలేకపోయిన చోట వానికే సందేహము మొలచును. అన్న, అక్క, పిన్ని, మామ అను వరుసల పిలుపులు మాత్రము ఒక్కనాడును మానరాదు. ఏ గురువును ఇయ్యలేని దీక్షానామములు అవి.

కర్ణాటకమున కొన్ని మఠములలో శివానుభవ గోష్ఠులు ఏండ్ల తరబడి నడచుచున్నవి. తెలుగునాట మఠములు ఆ గోష్ఠులలో బాలురకు ఒక గంట వదలిపెట్టవచ్చును. ఆ గంటలో ఉపన్యాసము వలదు, ప్రశ్నలు చాలును. పదేండ్ల పిల్ల లేచి, ‘లింగైక్యమనగా చనిపోవుటయేనా?’ అని అడుగును. సభలో పెద్దలు ఒకరి ముఖము ఒకరు చూచుకొందురు. ‘కళ్ళు పోవును’ అని వెనుకనుండి ఎవరో అనబోవుదురు. పీఠముమీది స్వామి ఆ వెనుకవానిని వారించి, చనిపోవుటను తెలుగులో చనిపోవుట యనియే అందురనియు, లింగైక్యము బ్రతికి సాధింపవలసినదనియు, అది తనకు ఇంకను దొరకలేదనియు చెప్పవలెను. ఆ పిల్ల అంతటితో ఊరకుండదు; మరియొక ప్రశ్న అడుగును.